ఫైల్ మీదే, హక్కు రూట్‌ది: లినక్స్ డెస్క్‌టాప్‌లో పర్మిషన్ ఎర్రర్లు ఎక్కడ పుడతాయి?

లినక్స్ డెస్క్‌టాప్‌కి కొత్తగా వచ్చినవాళ్లని తొందరగానే కంగారుపెట్టే మాట ఒకటుంది: "పర్మిషన్ డినైడ్". కంప్యూటర్ మీది, ఫైల్ మీరు తయారు చేసుకున్నది, పాస్‌వర్డ్ మీ ఒక్కరికే తెలుసు. అయినా సేవ్ కాదు, డిలీట్ కాదు. నెట్‌లో వెతికితే రెండు సలహాలు పదేపదే ఎదురవుతాయి. కమాండ్ ముందు సుడో (ఆ కమాండ్‌ని రూట్‌గా, అంటే సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా నడిపేది) తగిలించమని ఒకటి, ఫోల్డర్ మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టేయమని ఇంకొకటి. ఆ క్షణానికి రెండూ పని జరిపిస్తాయి, అందుకే అంతగా పాకిపోయాయి. కానీ డెస్క్‌టాప్ మీద వచ్చే ఈ ఎర్రర్లలో చాలావాటికి అసలు కారణం పర్మిషన్ కాదు, ఓనర్‌షిప్. ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడకుండా పర్మిషన్లు మార్చుకుంటూ పోతే చిన్న చిక్కు కాస్తా పెద్దదవుతుంది.

మూడు మెసేజ్‌లు, మూడు వేర్వేరు కారణాలు

టెర్మినల్‌లో వచ్చే మెసేజ్‌లన్నీ ఒకేలా అనిపిస్తాయి గానీ వాటి అర్థాలు వేరు. "పర్మిషన్ డినైడ్" అంటే ఆ ఫైల్ దగ్గరగానీ, దాని దాకా వెళ్లే దారిలో ఉన్న ఏదో ఒక ఫోల్డర్ దగ్గరగానీ మీకు హక్కు లేదని కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) తేల్చింది. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటే మీరు అడిగినది ఓనర్‌కో రూట్‌కో మాత్రమే చెల్లే పని. ఇంకొకరి ఫైల్ పర్మిషన్లు మార్చబోవడం, ఫైల్‌ని ఇంకొకరి పేరు మీదికి రాయబోవడం ఇలాంటివి. మీ సొంత ఫైల్‌ని కూడా మామూలు యూజర్‌గా ఇంకొకరికి రాసివ్వలేరు, అది రూట్ చేయాల్సిందే.

మూడోది "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్". ఇది వచ్చిందంటే ఓనర్ గొడవ పక్కన పెట్టేయాలి. ఆ డిస్కే చదవడానికి మాత్రమే తెరిచి ఉంది. లోపం కనబడగానే తనంతట తానే రీడ్-ఓన్లీకి మారిపోయేలా ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) డిస్కుల్ని సెట్ చేసి ఉంచడం మామూలే. అలాంటప్పుడు పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ కమాండ్ కొడుతూ కూర్చుంటే డిస్క్ ఇస్తున్న హెచ్చరికని పట్టించుకోనట్టే.

ఓనర్ అంటే పేరు కాదు, నంబర్

"ఎల్ఎస్ మైనస్ ఎల్" కమాండ్ కొడితే ప్రతి ఫైల్ పక్కన ఓనర్ పేరు, గ్రూప్ పేరు కనిపిస్తాయి. డిస్క్ మీద మాత్రం ఆ పేర్లు ఉండవు. ఉండేవి రెండు నంబర్లు: యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ. ఆ నంబర్ ఎవరిదో ఈటీసీ ఫోల్డర్‌లోని పాస్‌వర్డ్ ఫైల్‌లో చూసి పేరుగా మార్చి చూపిస్తారంతే. రూట్ నంబర్ ఎప్పుడూ 0. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటివాటిలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తయారైన మొదటి యూజర్‌కి 1000 వస్తుంది, తర్వాతివాళ్లకి 1001, 1002. ఫెడోరాలో ఒకప్పుడు ఈ లెక్క 500 నుంచి మొదలయ్యేది, 2011లో వచ్చిన ఫెడోరా 16 నుంచి 1000కి మార్చారు.

దీనివల్ల వచ్చే చిక్కు ఎలా ఉంటుందో చూడండి. పాత కంప్యూటర్‌లో సుజాత నంబర్ 1000. ఒక ఈఎక్స్‌టీ4 ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఫోటోలు పెట్టుకుంది. కొత్త కంప్యూటర్‌లో ముందు తమ్ముడి అకౌంట్ తయారైంది కాబట్టి 1000 అతనిది, సుజాతది 1001. డిస్క్ తగిలించగానే ఆ ఫోటోలన్నీ తమ్ముడి పేరు మీద కనిపిస్తాయి. సుజాత వాటిని చూడగలదేమో గానీ మార్చలేదు. ఎవరూ ఏదీ పాడు చేయలేదు, నంబర్ ఒకటే, దానికి అర్థం చెప్పే పట్టిక మారింది. ఆ నంబర్ గల యూజర్ అక్కడ అసలు లేకపోతే పేరుకి బదులు ఉత్త నంబరే కనిపిస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ నయం చేసేది సీహెచ్‌ఓన్, అంటే ఓనర్‌ని మార్చే కమాండ్. సీహెచ్‌మోడ్ ఇక్కడ అసలు విషయానికి సంబంధమే లేనిది.

మూడు వరుసలున్నా చూసేది ఒక్కటే

పర్మిషన్లు మూడు రకాలు: చదవడం, రాయడం, నడపడం. ఒక్కోదాన్ని బిట్ అంటారు, వాటి విలువలు 4, 2, 1. ఇవి ముగ్గురికి విడివిడిగా ఉంటాయి: ఓనర్‌కి, గ్రూప్‌కి, మిగతావాళ్లకి. 644 అంటే ఓనర్ చదవొచ్చు, రాయొచ్చు (4+2), గ్రూప్‌వాళ్లూ మిగతావాళ్లూ చదవొచ్చంతే. 755లో ఓనర్‌కి అన్నీ ఉంటాయి, మిగతా ఇద్దరికీ చదవడం, నడపడం. 600 అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కెర్నల్ ఈ మూడు వరుసల్నీ కలిపి లెక్కవేయదు. మీరు ఓనర్ అయితే ఓనర్ వరుస మాత్రమే చూసి అక్కడితో ఆగిపోతుంది. ఓనర్ కాకపోయి గ్రూప్‌లో ఉంటే గ్రూప్ వరుస, రెండూ కాకపోతేనే మూడోది. కాబట్టి ఒక ఫైల్‌కి 077 పెడితే విచిత్రం జరుగుతుంది: మిగతా అందరూ చదవగలరు, ఓనర్ మాత్రం చదవలేడు. ఓనర్ దానికి సీహెచ్‌మోడ్ కొట్టి హక్కు తిరిగి తెచ్చుకోవచ్చు, ఎందుకంటే పర్మిషన్లు మార్చే అధికారం ఓనర్‌షిప్‌తో వస్తుంది, ఆ బిట్లతో కాదు. ఓనర్‌షిప్పే మూలం అని నేను అనడానికి ఇదే ఆధారం.

ఫోల్డర్ దగ్గర ఇవే బిట్లు వేరే పని చేస్తాయి

ఫోల్డర్ అంటే పేర్ల జాబితా. అక్కడ "చదవడం" అంటే ఆ పేర్లు చూడటం. "నడపడం" అంటే ఆ ఫోల్డర్ గుండా లోపలికి వెళ్లడం. "రాయడం" అంటే జాబితాలో పేర్లు చేర్చడం, తీసేయడం, మార్చడం. నడిపే బిట్ లేకుండా రాసే బిట్ ఒక్కటే ఉన్నా ఉపయోగం లేదు.

అంటే ఫైల్‌ని డిలీట్ చేయడానికి కావలసిన హక్కు ఆ ఫైల్ మీద కాదు, అది ఉన్న ఫోల్డర్ మీద. మీ హోమ్ ఫోల్డర్‌లో రూట్ పేరు మీద 644తో ఒక ఫైల్ ఉందనుకోండి. తెరిచి మార్చి సేవ్ చేయబోతే కుదరదు. కానీ డిలీట్ చేయబోతే, రైట్-ప్రొటెక్టెడ్ ఫైల్, తీసేయమంటారా అని ఒక ప్రశ్న వేసి, అవునంటే తీసేస్తుంది. సుడో అక్కర్లేదు. ఇంకో అడుగు ముందుకెళ్తే, దాన్ని కాపీ చేసుకుని పాతది తీసేసి కాపీకి ఆ పేరే పెట్టొచ్చు, కాపీ ఎలాగూ మీ పేరు మీదే తయారవుతుంది. రూట్ పేరు మీద ఉన్నది ఫోల్డర్ అయి, దాని లోపల ఫైళ్లుంటే మాత్రం ఈ ఉపాయం సాగదు. లోపలి జాబితాలో నుంచి పేర్లు తీసే హక్కు మీకు లేదు కదా.

ఇదే నియమాన్ని అందరూ తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే టెంప్ ఫోల్డర్‌లో అలాగే వదిలేస్తే ఎవరి ఫైల్‌ని ఎవరైనా తీసేయొచ్చు. అందుకే దానికి 777 ముందు ఇంకో 1 చేర్చి 1777 ఉంటుంది. స్టికీ బిట్ అనే ఆ 1 ఉన్నచోట ఫైల్ ఓనరో, ఫోల్డర్ ఓనరో, రూటో తప్ప ఇంకెవరూ డిలీట్ చేయలేరు.

దారిలో ఉన్న ఫోల్డర్ల సంగతి ఇంకొకటి. ఫైల్‌కి అన్ని హక్కులూ ఉన్నా పైనున్న ఏ ఒక్క ఫోల్డర్‌లో నడిపే బిట్ లేకపోయినా "పర్మిషన్ డినైడ్" వస్తుంది. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్లు 755 బదులు 750తో తయారవుతున్నాయి. లోపలి ఫోల్డర్‌ని "అందరికీ" షేర్ చేసినా, అదే కంప్యూటర్‌లోని వెబ్ సర్వర్‌కో, ఇంకో యూజర్‌కో అది అందకపోవడానికి తరచూ ఇదే కారణం. "నేమ్‌ఐ మైనస్ ఎల్" అనే కమాండ్‌కి పూర్తి పాత్ ఇస్తే మొదటి స్లాష్ నుంచి చివరి ఫైల్ దాకా ఒక్కో మెట్టు పర్మిషన్, ఓనర్ వరసగా చూపిస్తుంది. ఇంత ఉపయోగపడే కమాండ్ గురించి ఇంత తక్కువమందికి తెలియడం నిజంగా బాధ కలిగిస్తుంది.

హోమ్ ఫోల్డర్‌లోకి రూట్ ఫైళ్లు ఎలా చేరతాయి

సుడోతో నడిపిన ప్రోగ్రామ్ కొత్తగా ఏ ఫైల్ తయారుచేసినా దాని ఓనర్ రూటే. టెర్మినల్‌లో అప్‌డేట్లు పెట్టడం లాంటి పనులకి దీనివల్ల ఇబ్బంది లేదు, ఆ ఫైళ్లు సిస్టమ్ ఫోల్డర్లలోకే పోతాయి. చిక్కంతా విండోలు తెరిచే ప్రోగ్రాములతో. టెక్స్ట్ ఎడిటర్‌నో, ఫైల్ మేనేజర్‌నో సుడోతో తెరిస్తే అది తన సెట్టింగులు, క్యాషే రాసుకుంటుంది. ఎక్కడ రాస్తుందనేది, హోమ్ అనే వేరియబుల్‌ని సుడో ఎలా ఉంచిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఉబుంటులో 19.10 ముందు వరకు సుడో మీ హోమ్‌నే అలాగే ఉంచేది. అంటే ప్రోగ్రామ్ నడిచేది రూట్‌గా, రాసేది మీ ఫోల్డర్లో. ఆ తర్వాత రూట్ సొంత హోమ్‌కి మార్చారు, ఈ ప్రమాదం బాగా తగ్గింది. పాత సలహాలు చదివి పాత పద్ధతిలో ఆప్షన్లు ఇచ్చేవాళ్లకి ఇంకా ఉంది.

లక్షణాలు వింతగా ఉంటాయి, ఎర్రర్ మెసేజ్ కూడా రాకపోవచ్చు. వాల్‌పేపర్ మారుస్తారు, మళ్లీ లాగిన్ అయితే పాతదే ఉంటుంది: హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ లోపల, డెస్క్‌టాప్ సెట్టింగులు ఉండే డీకాన్ఫ్ ఫోల్డర్ రూట్‌ది అయిపోయి ఉంటుంది. అన్నింటికన్నా టెన్షన్ పెట్టేది లాగిన్ లూప్. పాస్‌వర్డ్ సరిగ్గా కొడితే స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. తప్పు పాస్‌వర్డ్ అనదు. హోమ్‌లో డాట్ ఎక్స్‌అథారిటీ అనే దాగిన ఫైల్‌ని వాడే లాగిన్ మేనేజర్లలో, ఆ ఫైల్ రూట్ పేరు మీదికి పోతే సెషన్ మొదలవదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే టెక్స్ట్ కన్సోల్‌లో అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయిపోతుంది. అక్కడ "ఎల్ఎస్ మైనస్ ఎల్ఏ" కొడితే ఆ ఫైల్ పక్కన రెండుచోట్ల రూట్ అని కనిపిస్తుంది. డిస్క్ పూర్తిగా నిండినా సరిగ్గా ఇదే లక్షణం వస్తుంది కాబట్టి ఖాళీ ఎంతుందో చూడటం కూడా ఆ రోగనిర్ధారణలో భాగమే.

ప్రోగ్రామర్ల దగ్గర ఇదే కథ వేరే దారుల్లో వస్తుంది. సుడోతో ప్యాకేజీలు పెడితే క్యాషే రూట్‌ది అవుతుంది. ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల టూల్) అయితే క్యాషే ఫోల్డర్‌లో రూట్ ఫైళ్లున్నాయని తన ఎర్రర్ మెసేజ్‌లోనే చెప్పి, కొట్టాల్సిన సీహెచ్‌ఓన్ కమాండ్ కూడా చూపిస్తుంది. ప్రోగ్రాముల్ని విడి డబ్బాలో పెట్టినట్టు నడిపే డాకర్ కంటైనర్ లోపల రూట్‌గా నడుస్తున్న ప్రాసెస్ మీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఫైల్ రాస్తే మామూలు సెటప్‌లో అది బయట కూడా రూట్ ఫైలే, నంబర్ 0 కదా.

ఇలా చేరినవాటిని పట్టుకోవడం తేలికే. ఫైండ్ కమాండ్‌కి హోమ్ ఫోల్డర్ ఇచ్చి, ఓనర్ మీరు కానివి మాత్రమే చూపించమనొచ్చు. సీహెచ్‌ఓన్‌లో "ఫ్రమ్" అనే ఆప్షన్ కూడా ఉంది: ఇప్పుడు రూట్ పేరు మీద ఉన్నవాటిని మాత్రమే మీ పేరు మీదికి మార్చి, మిగతావాటి జోలికి పోదు. మొత్తం హోమ్‌ని కళ్లు మూసుకుని మార్చడం కన్నా ఇది ఎంతో నయం. వర్చువల్ మెషీన్లు, కంటైనర్లు కావాలనే వేరే నంబర్లతో పెట్టుకున్న ఫైళ్లు హోమ్‌లో ఉండొచ్చు మరి.

సుడో పెట్టినా డినైడ్ అనే సందర్భం ఒకటుంది. సుడో, ఎకో (ఇచ్చిన మాటల్ని అచ్చేసే కమాండ్), ఆ తర్వాత పెద్దదనే గుర్తుతో సిస్టమ్ ఫైల్‌లోకి రాయబోతారు, ఒప్పుకోదు. ఆ గుర్తు ప్రకారం ఫైల్‌ని తెరిచేది సుడో కాదు, మీ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్). అది మీ హక్కులతోనే తెరుస్తుంది. ఎకో మాత్రమే రూట్‌గా నడుస్తుంది. మధ్యలో పైప్ పెట్టి "సుడో టీ" కి (టీ తనకొచ్చినదాన్ని ఫైల్‌లో రాస్తుంది) పంపితే తెరిచే పని కూడా రూట్‌దే అవుతుంది.

777 మీద వాదన

ఒకరే వాడుకునే కంప్యూటర్‌లో 777 పెడితే పోయేదేముంది అనేవాళ్ల వాదనలో బలం ఉంది, కొట్టిపారేయలేం. విలువైనవన్నీ, అంటే ఫోటోలు, డాక్యుమెంట్లు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హోమ్‌లోనే ఉంటాయి. ఒక చెడ్డ ప్రోగ్రామ్ మీ అకౌంట్ కింద నడిస్తే అది కూడా ఓనరే. 700 పెట్టినా అన్నీ చదివేస్తుంది. పర్మిషన్లు కాపాడేది సిస్టమ్‌ని, అది పోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

అవతలి వాదన ఏమంటే, ఒక్కరే వాడుతున్నారని మనం అనుకునే కంప్యూటర్‌లో కెర్నల్ దృష్టిలో చాలామంది ఉంటారు. ప్రింటింగ్‌కి, నెట్‌వర్క్‌కి, వెబ్ సర్వర్‌కి విడివిడి యూజర్ నంబర్లు ఉంటాయి. వాటిలో ఒకదానిలో లోపం దొరికినా మీ ఫైళ్ల దాకా రాకుండా ఆపేది ఈ బిట్లే. పైగా 777ని కొన్ని ప్రోగ్రాములే ఒప్పుకోవు. వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ ఇతరులు కూడా చదవగలిగేలా ఉంటే ఆ కీని వాడనని ఎస్ఎస్‌హెచ్ మొండికేస్తుంది. సుడో ఎవరు వాడొచ్చో రాసి ఉండే సుడోయర్స్ ఫైల్‌ని ఎవరైనా రాసేలా వదిలేస్తే సుడో పనిచేయడం మానేస్తుంది.

నాకు మొదటి వాదన చేసిన పరిశీలన సరైనదే అనిపిస్తుంది, తీసిన నిర్ణయమే సరిగా లేదు. మీ అకౌంట్ లోపలి ప్రోగ్రాముల నుంచి మీ ఫైళ్లని కాపాడటానికి ఈ పాత పద్ధతి చాలదు, నిజం. దానికి మందు శాండ్‌బాక్స్, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌ని విడిగా కట్టడి చేసి నడపడం. ఉన్న గోడ కూడా తీసేయడం మందు కాదు.

ఇంకో వ్యావహారికమైన చిక్కు కూడా ఉంది. పెద్ద ఆర్ ఆప్షన్‌తో, అంటే లోపలి ఫోల్డర్లన్నింటికీ కలిపి 777 కొడితే, అంతకుముందు ఏ ఫైల్‌కి నడిపే బిట్ ఉందో ఏ ఫైల్‌కి లేదో ఆ సమాచారం చెరిగిపోతుంది. మామూలుగా సీహెచ్‌మోడ్‌లో పెద్ద ఎక్స్ అనే సదుపాయం ఉంది, ఫోల్డర్లకీ, ఇప్పటికే నడిచే ఫైళ్లకీ మాత్రమే ఆ బిట్ ఇస్తుంది. 777 తర్వాత అన్ని ఫైళ్లూ "ఇప్పటికే నడిచేవే" కాబట్టి అదీ పనికిరాదు. ఫోల్డర్లని 755కి, ఫైళ్లని 644కి ఫైండ్‌తో విడివిడిగా మార్చి, స్క్రిప్టులకి మళ్లీ ఒక్కొక్కటిగా బిట్ ఇచ్చుకోవాలి.

సీహెచ్‌మోడ్ మాట చెల్లని చోట్లు

ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లలో యునిక్స్ ఓనర్, పర్మిషన్ రాసుకునే చోటే లేదు. డ్రైవ్ మౌంట్ అయ్యేటప్పుడు, అంటే సిస్టమ్‌కి జతయ్యేటప్పుడు, ఇచ్చిన ఆప్షన్లని బట్టి లినక్స్ అన్ని ఫైళ్లకీ ఒకే ఓనర్‌ని, ఒకే పర్మిషన్‌ని కల్పించి చూపిస్తుంది. అక్కడ సీహెచ్‌మోడ్ కొడితే ఒక్కోసారి ఎర్రర్ వస్తుంది, ఒక్కోసారి ఏమీ అనకుండానే ఏమీ మారదు. మారాల్సింది మౌంట్ ఆప్షన్. డెస్క్‌టాప్‌లో క్లిక్ చేసి తెరిస్తే మీ పేరు మీదే మౌంట్ అవుతుంది గనుక ఇబ్బంది రాదు. చేత్తో సుడో మౌంట్ కొట్టినప్పుడే అన్నీ రూట్‌వి అయిపోతాయి.

విండోస్ పక్కనే ఉన్న కంప్యూటర్లలో ఇంకో సంగతి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ పూర్తిగా మూసుకోదు, సగం నిద్రలో ఉంటుంది. డేటా చెడిపోకుండా లినక్స్ దాన్ని రీడ్-ఓన్లీగా తెరుస్తుంది, లేదా తెరవనే తెరవదు. పరిష్కారం విండోస్ వైపు ఉంది.

స్క్రిప్ట్‌కి నడిపే బిట్ ఉన్నా డినైడ్ అంటే ఆ డిస్క్ నోఎగ్జెక్ (ఏదీ నడపనివ్వని) ఆప్షన్‌తో మౌంట్ అయిందేమో చూడాలి. రూట్‌కి కూడా "నాట్ పర్మిటెడ్" అంటే ఆ ఫైల్‌కి ఇమ్యూటబుల్ (మార్చడానికి వీల్లేదనే) గుర్తు పెట్టి ఉండొచ్చు, ఎల్ఎస్‌ఏటీటీఆర్ కమాండ్‌లో చిన్న ఐ అక్షరంగా కనిపిస్తుంది.

"ఎల్ఎస్ మైనస్ ఎల్" వరుస చివర ప్లస్ గుర్తు ఉంటే ఆ ఫైల్‌కి ఏసీఎల్ అనే అదనపు జాబితా ఉందని అర్థం. ఉబుంటులో మీడియా ఫోల్డర్ లోపల మీ పేరుతో ఉండే ఫోల్డర్ దీనికి మంచి ఉదాహరణ. ఓనర్ రూట్, గ్రూప్ రూట్, మిగతావాళ్లకి ఏ హక్కూ లేదు, అయినా మీరు లోపలికి వెళ్లగలరు. మీ ఒక్కరికీ ప్రత్యేకంగా హక్కు ఇచ్చింది ఏసీఎల్. ఫెడోరాలో ప్లస్ బదులు చుక్క కనిపిస్తే అది ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ పెట్టే లేబుల్. పర్మిషన్లు దాటినా ఆ లేబుల్ సరిపోకపోతే పని ఆగుతుంది, రీస్టోర్‌కాన్ కమాండ్ దాన్ని సరిచేస్తుంది.

శాండ్‌బాక్స్‌లో నడిచే స్నాప్, ఫ్లాట్‌పాక్ యాప్‌లు మరో రకం. స్నాప్ యాప్‌కి హోమ్ చూసే హక్కున్నా, హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు మామూలుగా అందవు. ఫ్లాట్‌పాక్ అయితే డినైడ్ అని కూడా అనదు, ఆ యాప్‌కి అసలు అలాంటి ఫైలే లేనట్టు కనిపిస్తుంది. ఈ ఎర్రర్లకి ఎన్ని సీహెచ్‌మోడ్‌లు కొట్టినా లాభం లేదు.

ఇద్దరు పంచుకునే ఫోల్డర్

ఒకే కంప్యూటర్‌లో రవి, లత ఒక ఫోల్డర్ వాడాలి. ఇద్దర్నీ ఒక గ్రూప్‌లో చేర్చి, ఫోల్డర్‌ని ఆ గ్రూప్‌కి ఇచ్చి 775 పెట్టారు. రవి ఒక ఫైల్ పెట్టాడు, లత మార్చలేకపోయింది. ఎందుకంటే కొత్త ఫైల్‌కి గ్రూప్ ఫోల్డర్ నుంచి రాదు, రవి సొంత గ్రూప్ వస్తుంది. ఫోల్డర్‌కి ముందు 2 చేర్చి 2775 పెడితే, సెట్‌జీఐడీ అనే ఆ బిట్ వల్ల లోపల తయారయ్యేవన్నీ ఉమ్మడి గ్రూప్‌కే చెందుతాయి. ఇంకా ఒకటి మిగిలింది. కొత్త ఫైళ్లలో ఏ బిట్లు తీసేయాలో చెప్పే యూమాస్క్ 022 అయితే కొత్త ఫైల్ 666లో నుంచి గ్రూప్, మిగతావాళ్ల రాసే బిట్లు తీసేసి 644తో పుడుతుంది, గ్రూప్‌కి మళ్లీ చదవడమే. యూమాస్క్ 002 చేయాలి, లేదా ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ పెట్టాలి. రెండోది నాకు మెరుగనిపిస్తుంది, ఆ ఒక్క ఫోల్డర్‌కే పరిమితం అవుతుంది.

గ్రూప్‌లో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ కమాండ్‌కి పెద్ద జీ ఒక్కటే ఇచ్చి చిన్న ఏ మర్చిపోతే, ఆ యూజర్‌కి ఉన్న మిగతా అదనపు గ్రూపులన్నీ పోతాయి, సుడో గ్రూప్‌తో సహా. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే కొత్త గ్రూప్ అమల్లోకి వస్తుంది.

సిస్టమ్ ఫోల్డర్ల మీద కొట్టేస్తే

సిస్టమ్ ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తాన్ని మీ పేరు మీదికి మార్చేస్తే మొదట పడిపోయేది సుడోనే. ఆ ఫైల్ రూట్‌దై ఉండాలి, సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచేలా చేసేది) ఉండాలి. ఓనర్ మారగానే ఆ బిట్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఇక సుడోని సరిచేయడానికి కావలసిన సుడో లేదు. రికవరీ మోడ్‌లోనో, లైవ్ యూఎస్‌బీతోనో రూట్‌గా లోపలికి వెళ్లాలి.

ఆ తర్వాత ఎంత తిరిగొస్తుందనేది ఏ డిస్ట్రో (లినక్స్ రకం) అన్నదాని మీద ఉంటుంది. ఫెడోరా వాడే ప్యాకేజీ వ్యవస్థ ఆర్‌పీఎమ్. దాని డేటాబేస్‌లో ప్రతి ప్యాకేజీ ఫైల్‌కీ ఓనర్ ఎవరో, పర్మిషన్ ఎంతో రాసి ఉంటాయి. కాబట్టి ఫెడోరాలో ముందు ఓనర్లని, తర్వాత పర్మిషన్లని తిరిగి పెట్టించొచ్చు. వరుస తిరగేస్తే సెట్‌యూఐడీ బిట్లు మళ్లీ పోతాయి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే దారి, అది ఒక్కొక్క ప్యాకేజీ ఫైళ్లని సరైన హక్కులతో మళ్లీ రాస్తుంది. రెండు చోట్లా ప్యాకేజీల నుంచి రానివి, అంటే వాడుతుండగా తయారైన లాగ్‌లు, డేటాబేస్ ఫైళ్లు, మీరు చేత్తో పెట్టిన సెట్టింగులు, వాటి ఓనర్లెవరో ఎక్కడా రాసి ఉండదు. వాటిని బ్యాకప్‌తో పోల్చి ఒక్కొక్కటిగా సరిచేసుకోవాలి. బ్యాకప్ లేకపోతే హోమ్ ఫోల్డర్‌ని కాపీ చేసుకుని సిస్టమ్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే తక్కువ శ్రమ.